డిజిటల్ వాకీటాకీలో గొంతు రోబోలా వస్తోంది, పాత అనలాగ్ సెట్లే నయమా?

కొత్త డిజిటల్ వాకీటాకీల్లో గొంతు రోబోలా వస్తోందని, మాట సగంలో తెగుతోందని మీరు రాసింది చదివితే మా మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ పని చూసిన రోజులు గుర్తొచ్చాయి. డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) రకం డిజిటల్ సెట్లు వచ్చిన మొదటి వారమంతా నాకూ ఇదే టెన్షన్. అప్పుడే వెనక్కి ఇచ్చేయకండి, ముందు మీ వాచ్‌మన్ ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చూడండి.

ఈ సెట్లు అనలాగ్ వాటిలా గొంతును ఉన్నదున్నట్టు పంపవు. ప్రతి 20 మిల్లీసెకన్లకు గొంతు స్థాయి ఎంత, పలికింది గొంతు కంపించని శ్వాసమా, కంపించే నాదమా (బడిలో వ్యాకరణం ఇక్కడ పనికొచ్చింది!) అని లెక్కగట్టి, ఆ లెక్కే పంపుతాయి. అవతలి సెట్ దాన్నిబట్టి గొంతును మళ్లీ తయారుచేస్తుంది. ఈ పని చేసేదే వోకోడర్. మామూలు డిజిటల్ టెలిఫోన్ లైన్‌లో మాటకు సెకనుకు 64,000 బిట్లు పోతే, ఇక్కడ 2,450తో సరిపెట్టాలి. తప్పులు దిద్దే బిట్లు కలుపుకున్నా 3,600 మాత్రమే. 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌లో రెండు సంభాషణలు 30 మిల్లీసెకన్ల చొప్పున వంతులేసుకుని నడుస్తాయి మరి, ఇంతకంటే చోటుండదు. గొంతు రోబోలా అనిపించేది అందుకే.

వోకోడర్‌కు తెలిసింది మనిషి గొంతే. మా వాచ్‌మన్ జనరేటర్ పక్కన నిలబడి మాట్లాడితే, ఆ మోతను కూడా గొంతే అనుకుని నీళ్లు పుక్కిలిస్తున్నట్టు వినిపించేది. నాలుగడుగులు పక్కకు జరగమన్నాను, మాట తేటపడింది. మైకు నోటికి ఆనించి అరిచినా ఇదే గోల, నాలుగు వేళ్ల దూరం చాలు.

సగంలో తెగడం వేరే సంగతి. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ బుస్సుమనే చప్పుడు పెరిగి ముందే హెచ్చరిస్తుంది. డిజిటల్‌లో చివరిదాకా బాగానే ఉండి ఒక్కసారిగా పోతుంది. మన భాషలో వద్దనే మాట వాక్యం చివర వస్తుంది కదా, అదే కొంప ముంచింది. ఓసారి నేను "వెనక గేటు తీయొద్దు" అంటే సెల్లార్‌లో ఉన్నాయనకు "వెనక గేటు తీ" వరకే వినపడింది. తీసేశాడు. ఆ రోజు నుంచి "వద్దు, వెనక గేటు వద్దు" అని రెండుసార్లు చెప్పడం మొదలుపెట్టాం.

మొదటి మాట మింగేస్తుంటే మాత్రం తప్పు మనదే. రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పెట్టె) ఉంటే బటన్ నొక్కాక అది అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది, టిక్‌మన్నాక మాట్లాడాలి. మావాళ్లకు ఇది అలవాటయ్యేసరికి పది రోజులు పట్టింది.

చాలా డీఎంఆర్ సెట్లలో అనలాగ్ కూడా ఉంటుంది. మేము రెండో సెల్లార్ కోసం ఒక ఛానెల్‌ను అనలాగ్‌లోనే ఉంచేశాం.