నత్తలు లెక్కపెట్టే చదువుకి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది కడప, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంబీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ). బీటెక్ బయోటెక్నాలజీలో సీటు వచ్చేలా ఉంది, నాలుగేళ్లలో సెటిల్ అవుతుందని మా ఆలోచన. తనేమో బీఎస్సీ జువాలజీ చేసి ఎకాలజీ (జీవులకూ పరిసరాలకూ ఉన్న సంబంధాల చదువు) వైపు వెళ్తానంటోంది. మొన్న ప్రాజెక్టంటూ చెరువు గట్టున నత్తలు లెక్కపెట్టి వచ్చింది. రెండూ పోల్చి చెప్పండి.

సార్, ఏటా ఎండాకాలంలో ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది, ఊరి పేరు మారుతుందంతే. మీ టెన్షన్ జీతం గురించి సగమే, మిగతా సగం "మీ పాప ఏం చదువుతోంది" అని కడపలో అడిగితే ఏం చెప్పాలన్నది.

ముందు ఆ నత్తల సంగతి. క్వాడ్రాట్ అని ఒక చదరపు చట్రం ఉంటుంది, అందులో పడ్డ నత్తల్ని లెక్కపెట్టి గట్టంతటికీ అంచనా వేస్తారు. దాన్ని ర్యాండమ్ నంబర్లు చూపించిన చోటే పెట్టాలి, అక్కడ ముళ్లకంప ఉన్నా సరే. నత్తలు గుంపుగా కనిపించిన చోట పెడితే గట్టంతా నత్తలే అని తేలుతుంది! ఇంకో పద్ధతీ ఉంది: ఇవాళ 40 పట్టి పెంకు మీద చుక్క పెట్టి వదిలారనుకోండి, వారం తర్వాత పట్టిన 50లో 10కి, అంటే ఐదో వంతుకి చుక్క ఉంటే, ఆ 40 కూడా మొత్తంలో ఐదో వంతే, కాబట్టి మొత్తం సుమారు 200. ఈలోపు చుక్కలు చెరిగినా, బయటి నత్తలు వచ్చి చేరినా లెక్క తప్పుతుంది, ఎంత తప్పొచ్చో కూడా చెప్పగలగాలి. 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ పులులకు వాడింది ఈ చుక్కల పద్ధతినే. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి అక్కడ చుక్కతో పనిలేదు, కెమెరా ఫొటో చాలు.

ఇక బయోటెక్. పేరు ఘనంగానే ఉంటుంది. కానీ ఆ డిగ్రీ చేతిలో పట్టుకుని, కోడింగ్ కోర్సులో చేరమంటారా అని అడగడానికి వచ్చే పిల్లల్ని నేను చాలామందినే చూశాను. పరిశోధన పని కావాలంటే అక్కడా ఎమ్మెస్సీనో పీహెచ్‌డీనో చేయాల్సిందే. "నాలుగేళ్లలో సెటిల్" అని మీరనుకోవడానికి ఆధారం ఎవరో ఒక బంధువుల అబ్బాయే కదా? చట్రం ఒక్కటే పెట్టారు, అదీ నత్తలున్న చోటే. కోప్పడుతున్నానని అనుకోకండి, కొంచెం కోపమే.

ఎకాలజీలో మొదట్లో జీతం తక్కువ, ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టే, అది దాచను. కానీ మీరున్న ఊళ్లోనే ఐఐఎస్సీ ఎకలాజికల్ సైన్సెస్ సెంటర్, జీకేవీకే వ్యవసాయ యూనివర్సిటీ ఆవరణలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్, జక్కూరు దగ్గర పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ ఉన్నాయి. లెక్కలు మాత్రం వదలొద్దనండి, స్టాటిస్టిక్స్, కాస్త ప్రోగ్రామింగ్ వస్తే దారి మార్చుకున్నా అక్కరకొస్తాయి. పిల్ల తెలివైనదే, భయపడకండి.

అన్నట్టు, మీ అమ్మాయి కూడా నత్తలకు చుక్కలు పెట్టి ఉంటే అవి ఏ రంగువో అడగండి. ఎర్ర నెయిల్ పాలిష్ అయితే పక్షుల కంట పడి లెక్కా పోతుంది, నత్తా పోతుంది.