పదో తరగతి గణితం పెద్దయ్యాక మళ్లీ రాయవచ్చా?

తప్పకుండా రాయవచ్చు. రెగ్యులర్ బడికి వెళ్లే వీలులేని వయోజనులకు ఓపెన్ స్కూలే సరైన మార్గమని నా అభిప్రాయం. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, నిర్వహించే సెకండరీ కోర్సులో చేరడానికి 14 ఏళ్లు నిండి ఉండాలి; గరిష్ఠ వయోపరిమితి లేదు, తెలుగు మాధ్యమంలోనూ చదవవచ్చు. ఒకసారి నమోదైతే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి, ఒక్కో సబ్జెక్టులో 33 శాతం మార్కులు వస్తే ఉత్తీర్ణులవుతారు, గట్టెక్కిన సబ్జెక్టును మళ్లీ రాయనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి.

అయితే చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. గణితం ఒక్కదానికే చేరితే ఆ సబ్జెక్టు మార్కుల పత్రం మాత్రమే ఇస్తారు. పదో తరగతి ధ్రువపత్రం కావాలంటే కనీసం ఐదు సబ్జెక్టులు పూర్తి చేయాలి. పాత బోర్డులో ఉత్తీర్ణమైన వాటిలో గరిష్ఠంగా రెండింటి మార్కులను, నిబంధనలు అనుమతిస్తే, బదిలీ చేయించుకోవచ్చు కాబట్టి పాత మార్కుల మెమోను దరఖాస్తు సమయంలోనే చూపించండి.

చదువు విషయానికొస్తే, నేరుగా త్రికోణమితితో మొదలుపెట్టవద్దు. పెద్దవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి భిన్నాలు, రుణ సంఖ్యల గుర్తులు. x² − 5x + 6 = 0 సాధించేటప్పుడు 6ను (−2) × (−3)గా విడదీయాలి, ఎందుకంటే ఆ రెండింటి మొత్తమే −5 అవుతుంది. రుణ సంఖ్యల గుణకారం పట్టుబడనివారికి ఈ మెట్టు ఎప్పటికీ అయోమయంగానే ఉంటుంది. అందుకే మొహమాటపడకుండా ఆరు, ఏడు తరగతుల పాఠ్యపుస్తకాలతో ప్రారంభించి, రోజూ కాసేపైనా కాగితం మీద లెక్కలు చేయండి.