24 రోజుల్లో చెన్నై ట్రిప్: పోండి, కానీ ఆ ఈఎంఐ మీద కాదు

మిర్యాలగూడ నుంచి ఒక టీచరమ్మ రాసిన ప్రశ్న, కొంచెం కుదించి ఇస్తున్నాను.

"నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 22 వేలు. మా ఆయన రైస్ మిల్లులో అకౌంటెంట్, 36 వేలు వస్తాయి. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. వచ్చే నెల రెండో శనివారం చెన్నైలో ఒక కచేరీ ఉందని పాప మొన్న చెప్పింది, ఆ గాయకుడంటే దానికి ప్రాణం. ఎలాగూ పోతున్నాం కదా అని సముద్రం, ఒక థీమ్ పార్కు కూడా కలిపేశాం. తిరుపతికి, మా పుట్టింటికి తప్ప పిల్లల్ని ఇంతవరకు ఎక్కడికీ తీసుకుపోలేదు. లెక్కేస్తే 62 వేలు తేలింది. బ్యాంకులో 1,40,000 ఎఫ్‌డీ, సేవింగ్స్‌లో 18 వేలు, నా ట్యూషన్ డబ్బులు ఇంట్లో 16 వేలు ఉన్నాయి. నెలకు 10 వేల చిట్టీ, 3 వేల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టేది) నడుస్తున్నాయి. ఒక యాప్ 50 వేలు 12 నెలల ఈఎంఐకి ఇస్తానంటోంది. చిట్టీ పాడాలా, గాజులు తాకట్టు పెట్టాలా, ఈఎంఐ తీసుకోవాలా, లేక మానుకోవాలా?"

చెల్లెమ్మా, మానుకోకండి. మీకొచ్చే 58 వేలల్లో చిట్టీకి 10, సిప్‌కు 3, ఇంటి ఖర్చుకు 39 పోగా నెలకు 6 వేలు మిగులుతున్నాయని రాశారు, నెత్తిన పెద్ద అప్పు లేదు, ఇలాంటి ఇల్లు మూడు రోజులు బయటికి పోతే ఏమీ మునగదు. మా అమ్మ 61 ఏళ్లకు మొదటిసారి సముద్రం చూసింది. అల వెనక్కి పోతుంటే అరికాళ్ల కింద ఇసుక జారిపోతుందని ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకుని గంటసేపు అట్లే నిలబడింది, రమ్మంటే రాలేదు. అప్పటికి పదేళ్ల ముందే తీసుకుపోయేంత డబ్బు నా దగ్గర ఉంది, ఇప్పుడెందుకులే అనుకుంటూ గడిపేశాను. అందుకే పిల్లలు అడిగారని రాసేవాళ్లకు వద్దని చెప్పడానికి నాకు చేయి రాదు. అయితే ఎంత ఖర్చు, ఆ డబ్బు ఏ జేబులోంచి, ఈ రెండూ మార్చాలి.

ముందు జేబు సంగతి. ఆ యాప్ ఇచ్చే 50 వేలకు వడ్డీ నెలకు 2 శాతం అని మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. నెలకు 4,728 చొప్పున 12 నెలలు కడితే 56,736. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్‌టీ, అదొక 1,180. మొత్తం మీద దాదాపు 7,900 ఎక్కువ కడుతున్నారు, మీ లెక్కలో నలుగురి కచేరీ టికెట్లకు రాసుకున్నది 8 వేలు, అంటే కచేరీకి రెండుసార్లు టికెట్ కొన్నట్టే. దానికన్నా పెద్ద ఇబ్బంది ఏంటంటే, నెలకు మిగిలే 6 వేలల్లో 4,728 ఏడాదిపాటు దీనికే పోతాయి, మధ్యలో బాబుకు జ్వరం వచ్చినా, బండి రిపేరు వచ్చినా మళ్లీ అప్పే.

క్రెడిట్ కార్డు మీద గీకి నెమ్మదిగా కట్టుకుందాం అనే ఆలోచన వస్తే అది ఇంకా ఘోరం. 50 వేల బాకీకి నెలకు 3.5 శాతం వడ్డీ అనుకోండి, 1,750. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 315. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, 5 శాతం లెక్కన 2,500 కడితే అందులో 2,065 వడ్డీకే పోయి, అసలులో తగ్గేది 435 రూపాయలు. మినిమమ్ కట్టేశాం కదా, టెన్షన్ లేదు అనుకునేవాళ్లు వారానికి ఒకరైనా నా దగ్గరికి వస్తారు, స్టేట్‌మెంట్ తెరిచి ఈ 435 చూపిస్తే కాసేపు మాట్లాడరు. ఇంకోటి, బాకీ పూర్తిగా కట్టకపోతే ఆ తర్వాత కొనే కిరాణా సరుకుకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

చిట్టీ విషయానికొస్తే, మీది 20 నెలల 2 లక్షల చిట్టీ, తొమ్మిది వాయిదాలు కట్టారు. ఇప్పుడు 30 వేలు తగ్గించి పాడితే చేతికి 1,70,000 వస్తుంది. మీకు కావాల్సింది 62, దానికోసం 30 వేలు వదులుకోవడమా? పైగా మిగిలిన లక్ష చిల్లర ఖాతాలో కనపడుతుంటుంది, ఫ్రిజ్ మారుద్దాం, మరిది అడిగాడు ఇద్దాం అని మూడు నెలల్లో కరిగిపోతుంది, మిగతా 11 వాయిదాలు మాత్రం కడుతూనే ఉండాలి. ఆ చిట్టీ పాప ఇంటర్ ఫీజు కోసమని మీరే రాశారు, దాన్ని అట్లే ఉండనివ్వండి.

గాజుల మీద లోన్ వడ్డీలో కార్డు కన్నా చాలా నయం, కాదనను. కానీ మన దగ్గర జరిగేది ఏంటంటే ఏడాది చివర వడ్డీ మాత్రం కట్టి రెన్యూవల్ చేస్తాం, అసలు అట్లే ఉంటుంది, మూడేళ్ల తర్వాత కూడా ఆ గాజులు బ్యాంకులోనే ఉంటాయి. ఆసుపత్రికో, కాలేజీ సీటుకో అయితే నేనే పెట్టమంటాను, దీనికి వద్దు.

ఇక ఆ 1,40,000 ఎఫ్‌డీ. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కొంచెం కోస్తారంతే, ఆ నష్టం పెద్దది కాదు. కానీ ఇంటి ఖర్చు, చిట్టీ కలిపి నెలకు 49 వేలు అవుతున్న ఇంట్లో ఆ డబ్బు మూడు నెలలకు కూడా చాలదు. మీ వారి మిల్లు పని వానాకాలం, యాసంగి ధాన్యం వచ్చినప్పుడు ఒకలా, మిగతా నెలల్లో ఇంకోలా ఉంటుంది, మీ స్కూలు వేసవిలో సగం జీతమే ఇస్తుందని మీరే చెప్పారు. దాన్ని ముట్టుకోవద్దు.

మరి మిగిలింది ఏది? ట్యూషన్ డబ్బాలో 16 వేలు, సేవింగ్స్‌లోంచి 12 వేలు తీసి 6 ఉంచండి, ఈ నెల మిగిలే 6 వేలు. మొత్తం 34 వేలు. ఇదే మీ ట్రిప్ బడ్జెట్, ఇందులో ఒక్క రూపాయి కూడా అప్పు కాదు, సిప్ ఆపక్కర్లేదు, చిట్టీ ఆగదు.

34 వేలల్లో ఎట్లా అవుతుందంటారా, మీ 62 వేలు ఎక్కడికి పోతున్నాయో చూద్దాం. విమానానికి 28, మూడు రాత్రుల గదికి 13,500, కచేరీ 8, పార్కు 7, తిండికి 5,500. దాదాపు సగం విమానమే. అందులో మిర్యాలగూడ నుంచి శంషాబాద్ దాకా రానుపోను కారు కిరాయి లేదు, చెన్నైలో ఆటోలు, క్యాబులు లేవు, నలుగురు మూడు రోజులు తిరిగితే అవే కొన్ని వేలు. కచేరీ టికెట్ 2,000 అని యాప్‌లో కనిపించింది కూడా కట్టే దగ్గరికి వచ్చేసరికి 18 శాతం జీఎస్‌టీతో 2,360, బుకింగ్ ఫీజు అదనం. అంటే మీ 62 నిజానికి 75కు తక్కువ ఉండదు.

విమానం తీసేయండి. మీ ఊరి మీదుగానే చెన్నై ఎక్స్‌ప్రెస్ ఉంది, నల్గొండ, మిర్యాలగూడ, గుంటూరు దారిలో, సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి చెన్నై. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి 24 రోజుల ముందు వెయిటింగ్ లిస్టు చూపిస్తే గాబరా పడకండి. తత్కాల్ ప్రయాణానికి ముందురోజు తెరుస్తారు, ఏసీకి పొద్దున 10 గంటలకు, స్లీపర్‌కు 11కు. 2025 జులై నుంచి ఆన్‌లైన్‌లో ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాలోంచే తత్కాల్ అవుతుంది, ఆ పని ఈరోజే చేసిపెట్టండి, పొద్దున 9:55కు ఓటీపీ కోసం వెతుక్కోవద్దు. తత్కాల్‌లో కన్ఫర్మ్ అయిన టికెట్ క్యాన్సిల్ చేస్తే రూపాయి వెనక్కి రాదు, అది గుర్తుంచుకోండి. ఏదీ దొరక్కపోతే బస్సులో విజయవాడ పోయి పొద్దున్నే బయల్దేరే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, మధ్యాహ్నానికి చెన్నైలో ఉంటారు. బాబుకు 12 నిండలేదు కాబట్టి బెర్త్ వద్దంటే సగం ఛార్జీయే, కానీ రాత్రి ప్రయాణంలో వాడి పక్కన నలిగి పడుకుంటే మర్నాడు మీకే నీరసం, బెర్త్ తీసుకోండి. రానుపోను 9 వేలు అనుకుందాం.

రెండోది, ఇది పాపకు ఇష్టం ఉండకపోవచ్చు, థీమ్ పార్కును ఈ ట్రిప్‌లోంచి తీసేయండి. చెన్నైలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పార్కులు ఉన్నాయి, బాగుంటాయి, నిజమే. కానీ వండర్‌లా పార్కు మనకు రావిర్యాలలో, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే 2016 నుంచి ఉంది, మిర్యాలగూడ నుంచి పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావచ్చు. తెలంగాణలో సముద్రం లేదు, ఆ గాయకుడు నల్గొండకు వచ్చి పాడడు. అక్కడ మాత్రమే దొరికే వాటికి అక్కడ డబ్బు పెట్టండి, ఇంటి దగ్గర దొరికేదాన్ని దసరా సెలవులకు ఉంచండి. అప్పుడు కూడా ఒకటి చూసుకోండి, వండర్‌లాలో పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి ఇస్తారు, 140 సెంటీమీటర్లు దాటితే పెద్దవాళ్ల టికెట్టే. పాపను గోడకు నిలబెట్టి కొలవండి, మీ లెక్క మారొచ్చు. నీళ్ల రైడ్లకు కాటన్ బట్టలు ఒప్పుకోరు, నైలాన్‌వి ఇంటి నుంచే తీసుకుపోతే అక్కడ కొనే ఖర్చు తప్పుతుంది.

మూడోది, కచేరీకి నలుగురూ పోవాలా? తొమ్మిదేళ్ల బాబు రాత్రి పదింటికి ఆ హోరులో నిద్రకు తూగుతాడు, వాణ్ని ఎత్తుకుని మీ వారు గేటు దగ్గర నిలబడాలి. మీరూ పాపా పోండి, తండ్రీకొడుకులు ఆ సాయంత్రం బీచ్‌లో గడుపుతారు. రెండు టికెట్లు ఫీజులతో కలిపి 5 వేలు. పాపకు అమ్మతో ఆ రాత్రి ఒక్కటే చాలు, నా మాట నమ్మండి.

గది సంగతి కొంచెం జాగ్రత్త. 2023లో ఈసీఆర్‌లో జరగాల్సిన ఒక పెద్ద కచేరీ వాన వల్ల ఆగస్టు 12 నుంచి సెప్టెంబర్ 10కి వాయిదా పడింది, తీరా జరిగిన రోజు రద్దీకి టికెట్ కొన్నవాళ్లే చాలామంది లోపలికి పోలేకపోయారు. అందుకని గదిని ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే బుక్ చేయండి, 300 ఎక్కువైనా సరే. నేను ఒకసారి 400 ఆదా అవుతుందని రీఫండ్ లేని గది తీసుకున్నాను, ప్రోగ్రామ్ మారింది, 5,200 పోయాయి. గది బీచ్ పక్కన కాకుండా కచేరీ జరిగే చోటికి దగ్గర్లో చూడండి, జనమంతా ఒకేసారి బయటికి వచ్చే రాత్రి 11 గంటలకు క్యాబ్ రేటు రెండింతలు అడుగుతుంది, ఆడవాళ్లిద్దరే ఉంటారు కాబట్టి దూరం తక్కువ ఉండటం ఇంకా ముఖ్యం. రెండు రాత్రులకు 7 వేలు పెట్టుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 లోపు గదులకు జీఎస్‌టీ 5 శాతమే.

గురువారం సాయంత్రం రైలెక్కితే శుక్రవారం పొద్దున దిగుతారు, మీకు ఒక్కరోజు సెలవు చాలు. ఆ రోజు మహాబలిపురం. సముద్రపు ఒడ్డు గుడికి మనిషికి 40 రూపాయలు, 15 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం, కాబట్టి మీ ఇద్దరికే టికెట్. శనివారం మధ్యాహ్నం దాకా గదిలో పడుకోండి, సాయంత్రం కచేరీ. ఆదివారం పొద్దున మెరీనా చూసి సాయంత్రం రైలు. మెరీనాలో నీళ్లలోకి దిగొద్దు, అక్కడ అలలు లోపలికి లాగేస్తాయి, పిల్లల్ని తడి ఇసుక దాకే ఉంచండి. లోకల్ ప్రయాణాలకు 5, తిండికి 6, చిల్లరకు 2. రైలు 9, గది 7, కచేరీ 5 కలిపితే 34 వేలు సరిగ్గా సరిపోతుంది. పులిహోర, చపాతీలు కట్టుకుపోతే మొదటి రోజు తిండి ఖర్చు ఇంకా తగ్గుతుంది, పాపకు ఆ గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు కొనివ్వడానికి పనికొస్తుంది.

ఇక వచ్చిన తర్వాత చేయాల్సిన పని. ఇలా ఉన్నట్టుండి బయల్దేరే ట్రిప్ మళ్లీ వస్తుంది, పాపకు ఇప్పుడు 13, ఇక ఏడాదికొకటి అడుగుతుంది. అందుకని నెలకు 3 వేలతో 12 నెలల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) ఒకటి తెరవండి, జీతం పడ్డ మర్నాడే కట్ అయ్యేలా పెట్టండి. 6.5 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 37 వేలు దాటుతుంది. ఆ ఖాతాకు పిల్లలతోనే పేరు పెట్టించండి, పుస్తకం వాళ్లకు చూపించండి, ఇందులో ఎంతుంటే అంతే ట్రిప్ అని చెప్తే ఎక్కడికి పోవాలో వాళ్లే లెక్కేసుకుంటారు. మా ఇంట్లో మా చిన్నోడు గోవా అని మొదలుపెట్టి ఆర్‌డీ చూసుకుని సూర్యలంక బీచ్‌కు వచ్చాడు, గుంటూరు రైలెక్కి బాపట్ల మీదుగా పోయొచ్చాం, వాడికేమీ తక్కువ కాలేదు.

మీరు ఈ రాత్రికి రైలు చూసి వెయిటింగ్ నంబర్ ఎంతుందో నాకు రాయండి. 20 లోపు ఉంటే ఇప్పుడే తీసుకుని కచేరీ టికెట్లు కొనేయండి, అంతకన్నా ఎక్కువుంటే ముందు పినాకినిలో సీట్లు ఖాయం చేసుకున్నాకే కచేరీ టికెట్ల జోలికి పోదాం.