జీతం పడితే భయమెందుకు?

బుజ్జీ,

పెద్దమ్మ ఆశీస్సులు. "జీతం పడినట్టు మెసేజ్ వచ్చినా బ్యాంకు యాప్ తెరవాలంటే టెన్షన్ పెద్దమ్మా" అని మొన్న ఫోన్లో అన్నావే, ఆ మాట మనసులోంచి పోవడం లేదు. తిట్టడానికి రాయడం లేదులే. బ్యాంకు కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ ఇలాంటి ముఖాలు చాలా చూశాను. పాస్‌బుక్ చేతిలో పెట్టుకుని, అంకె చూడకుండానే "ఎంతుందో మీరే చెప్పండి మేడమ్" అనేవాళ్లు.

నెల్లూరు జిల్లాలో పనిచేసేటప్పుడు పొదుపు సంఘాల ఖాతాలు నేనే చూసేదాన్ని. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, రోజుకో రూపాయి దాచుకోవడం ఆ జిల్లాలో ఊరూరా పాకింది. పొదుపులక్ష్మి అనేవారు. వాళ్ల మీటింగుకు వెళ్తే ముచ్చటేసేది. చాప మీద కూర్చుని ఒక్కొక్కరూ పైకే చెప్పేవాళ్లు: ఇంత తీసుకున్నా, ఇంత కట్టా, ఇంకా ఇంతుంది, గేదె వట్టిపోయింది కాబట్టి ఈ నెల సగమే కడతా. సంతకం రానామె కూడా తన బాకీ రూపాయితో సహా చెప్పేది. అందరి ముందూ చెప్పేశాక దాచడానికేముంది, వాయిదా ఎలా కట్టాలన్నదొక్కటే మిగిలేది.

నువ్వూ అలాగే ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ వచ్చింది, పోయింది, కట్టాల్సింది ఒక నోట్‌బుక్‌లో రాసుకో. అమ్మకు ఫోన్ చేసినప్పుడు ఆ మూడు అంకెలూ చదివి వినిపించు. మొదటి రెండు వారాలు ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక ఆ క్రెడిట్ కార్డు. "మినిమమ్ కట్టేస్తున్నా కదా" అన్నావు. మినిమమ్ అంటే సాధారణంగా బాకీలో ఐదు శాతం దరిదాపు. మిగతాదాని మీద చాలా కార్డులు నెలకు మూడున్నర శాతం దరిదాపు వడ్డీ వేస్తాయి. ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42. మూడు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాణ్ణి ఊళ్లో "పీల్చి పిప్పి చేస్తాడు" అని తిడతాం, పర్సులో ఉన్న కార్డును మాత్రం ఏమీ అనం! పైగా పాత బాకీ మొత్తం తీరేదాకా కొత్తగా కొన్నదానికి వడ్డీలేని గడువు కూడా ఉండదు. రేపు కార్డు గీకి కాఫీ తాగితే రేపటినుంచే వడ్డీ. నీ పేర ఉన్న ఎఫ్‌డీ మీద వచ్చేది మహా అయితే ఏడు శాతం. అది తీసి కార్డు బాకీ మొత్తం కట్టెయ్. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కొంచెం కోస్తారు, కోసుకోనీ.

కృతజ్ఞత రాసుకోవడానికి డైరీ కొన్నానన్నావు. రాసుకో, మంచిదే. నేను మాత్రం ముందు ఒకటడుగుతా: మీ ఫ్లాట్‌లో పనిచేసే ఆమెకు జీతం ఏ తేదీన ఇస్తున్నారు? మీ ముగ్గురూ నువ్వంటే నువ్వని వాయిదా వేసుకుంటూ పదో తేదీ దాటిస్తున్నారని నువ్వే చెప్పావు. ఆమెకూ ఇంటద్దె ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి. మీ జీతాలు ఒకటో తేదీకి పడుతున్నాయి కదా, ఆమెకు రెండో తేదీకి అందాలి. దాని తర్వాతే డైరీ.

మీ నాన్న నీ బీటెక్ ఫీజుకు పీఎఫ్‌లోంచి డబ్బు తీశాడు. ఆ సంగతి నీకు తెలుసని ఆయనకు తెలియదు. ఒకసారి చెప్పు. చొక్కాలూ చెప్పులూ కొనక్కర్లేదు, మాట చాలు. అయితే తమ్ముడి ఫీజు నెత్తినేసుకున్నందుకు లోపల సణుక్కుంటూ డబ్బు పంపుతున్నట్టుంది, అదీ వద్దు. నెలకు ఎంత పంపగలవో తేల్చుకుని అమ్మకు చెప్పు, అంతే పంపు. వాళ్లూ దాన్నిబట్టి సర్దుకుంటారు.

ఒక్క జాగ్రత్త. "ఉన్నదానికి సంతోషించాలి" అనుకుని జీతం పెంచమని అడగకుండా కూర్చోకు. రెండేళ్లుగా అదే జీతానికి ఇద్దరి పని చేస్తున్నావు. మేనేజర్‌కు ఎంత దండం పెట్టినా అడగాల్సింది అడగాల్సిందే. నీ పని చిట్టా కాగితం మీద పెట్టి, అప్రైజల్‌కు ముందే మాట్లాడు.

ఎఫ్‌డీ సంగతి సోమవారమే చూసెయ్, మళ్లీ పక్కన పెట్టకు. ఆన్‌లైన్లో అవ్వకపోతే బ్రాంచికి వెళ్లు, ఆధార్ మర్చిపోకు. కట్టేశాక నాకు ఫోన్ చెయ్.

మీ పెద్దమ్మ