సెరెంగేటికి వెళ్తున్న మా మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

టికెట్లు బుక్ అయ్యాయని నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచీ మీ అత్త ఊరుకోవడం లేదు, దానికి అన్నీ వివరంగా రాసి పంపండి అని. టాంజానియాలో, దార్-ఎస్-సలామ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడి సెరెంగేటి జంతువుల పార్కు నాలుగుసార్లు చూశాను. మొదటి రెండుసార్లూ డబ్బు దండగే.

ముందు టీకా సంగతి. యెల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. వేయించుకున్న 10 రోజులకు గానీ టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు చెల్లదు, ఆఖరి వారం దాకా ఆగకండి. మలేరియా మాత్రలు డాక్టర్ని అడిగి తెచ్చుకోండి. టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2019 నుంచి నిషేధం, అక్క ఇచ్చే పచ్చళ్లూ పొడులూ గుడ్డసంచుల్లో సర్దు. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు. సెట్సీ ఈగలకు ఆ రంగులంటే మహా ఇష్టం, ప్యాంటు మీంచే కుట్టేస్తాయి. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని స్వెటర్లు మానకండి. దారిలో వచ్చే ఎన్‌గోరోంగోరో అగ్నిపర్వత బిలం అంచు 2,000 మీటర్ల ఎత్తుకు పైనే, తెల్లవారుజామున పళ్లు టకటకలాడతాయి.

మీరు వెళ్లేది ఫిబ్రవరిలో కాబట్టి దక్షిణాన ఎన్‌డూటు వైపు రెండు రాత్రులైనా ఉండండి. విల్డబీస్ట్‌లు (ఆవుల్లా కనపడే పెద్ద జింకలు) మందలుమందలుగా ఈనేది అప్పుడే, అక్కడే. పుట్టిన దూడ కొద్ది నిమిషాల్లో లేచి తల్లి వెనక పరిగెడుతుంది. టీవీలో చూపించే మారా నది దాటడం మాత్రం జులై తర్వాత, అదీ ఉత్తరాన. ఫిబ్రవరిలోనే చూపిస్తామని ఏ ఏజెంటైనా అంటే వాడితో బేరం ఆపెయ్.

ఇక అసలు సంగతి. జీపుల్లో డ్రైవర్లు రేడియోలో మాట్లాడుకుంటుంటారు. 'చుయి' అంటే చిరుత. ఆ మాట వినపడిందంటే అందరూ అటే. మొదటిసారి నేనూ పోనీ పోనీ అని తొందరపెట్టాను. దుమ్ము మింగుతూ సెరోనెరా నది ఒడ్డుకు చేరేసరికి అప్పటికే ఇరవై బళ్లు. చెట్టు కొమ్మ నుంచి వేలాడే తోక ఒక్కటే కనపడింది, దానికోసం గంట ప్రయాణం!

మూడోసారి దొరికిన డ్రైవరు పెద్దాయన. ఒక తుమ్మచెట్టు దగ్గర ఇంజిన్ ఆపేసి "పోలే పోలే" అన్నాడు, నిదానంగా అని. దూరంగా గడ్డిలో రెండు ఆడసింహాలు పడుకుని ఉన్నాయి, అంతే. నాకు విసుగొచ్చింది. ఎండ ఎక్కాక వాటిలో ఒకటి లేచి, నడుచుకుంటూ నేరుగా వచ్చి మా జీపు నీడలో కూలబడింది. కిటికీలోంచి కిందికి చూస్తే చెవి మీద ముసిరిన ఈగలు, ఆ చెవికున్న పాత చీలిక, రొప్పుతుంటే ఎగిరిపడే డొక్కలు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర (చాచకు, పిల్లల్ని కూడా చాచనివ్వకు). మీ అత్త ముప్పావు గంట మాట్లాడకుండా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే.

అందుకని మొదటి రోజు పొద్దున్నే డ్రైవరుతో చెప్పెయ్యండి, లిస్టులో టిక్కులు పెట్టుకోవడానికి రాలేదు, మంచి చోటు చూసి ఆపమని. వాన పడితే ఎటు పోవాలో ఆయనకే వదిలెయ్యండి. అక్కడా కొన్నిచోట్ల మన నల్లరేగడి లాంటి నేలే, చక్రం దిగిందంటే ఇక కదలదు.

తిండికి టెన్షన్ పడకు. చపాతీ అన్నా, సాంబూసా (మన సమోసాయే) అన్నా అక్కడివాళ్లకు తెలుసు, బీన్స్ కూర ఎక్కడైనా దొరుకుతుంది. దారిలో పిల్లలకు ఒంటికో రెంటికో అవసరమైతే 'కుచింబా దావా' అనండి, మందువేర్లు తవ్వుకోవాలని అర్థం. డ్రైవరు నవ్వి, చుట్టూ చూసి, క్షేమమైన చోట ఆపుతాడు. ఆయన చెప్పందే దిగొద్దు.

నా బైనాక్యులర్స్ మీ అల్లరి మూకకి పంపిస్తున్నాను. ఇంకోటి కొనండి, ఒక్కటే ఉంటే కొట్టుకు చస్తారు. కుడివైపు గొట్టం కాస్త బిగుసుకుంది, గట్టిగా తిప్పాలి.

మావయ్య