అరికాళ్ల మంటలతో రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు.. ఈ నరాల నొప్పి తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 56. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రెండేళ్ల కిందట కాలివేళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఏడాదిగా రెండు అరికాళ్లూ కారం రాసినట్టు మంట. పగలు పనిలో పడి మరిచిపోతాను గానీ రాత్రి నడుం వాల్చగానే మొదలవుతుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. డాక్టర్ గారు న్యూరోపతీ (నరాలు దెబ్బతినడం) అని చెప్పి, ప్రీగాబాలిన్ 75 ఎంజీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమన్నారు. నాలుగు రోజులు వేసుకుంటే పగలంతా మత్తు, తూలు. మంట మాత్రం తగ్గలేదు. మానేశాను. నరాల బలానికని రెండు రకాల విటమిన్ బిళ్లలు సొంతంగా వాడుతున్నాను. రోజూ వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంటే కాసేపు హాయిగా ఉంటోంది. ఈ మధ్య నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఇది ఎప్పటికైనా తగ్గుతుందా? జీవితాంతం మాత్రలు మింగాల్సిందేనా? - ఒక పాఠకురాలు

జవాబు: మంట గురించి ఇంత రాసి, చెప్పు జారిపోవడం గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. నేను ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయాను. మంటకు మందులున్నాయి, చెబుతాను. అంతకన్నా ముందు వేడినీళ్లు ఈ రోజే మానేయండి. కాలికి ఉన్న చెప్పు పోయినా తెలియని పాదానికి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కూడా తెలియదు. హాయిగా ఉందనుకుంటూ కూర్చుంటారు, తెల్లారి చూస్తే బొబ్బలు. హాట్ వాటర్ బ్యాగు, హీటర్ ముందు కాళ్లు చాపడం, మంటకని ఐసు నీళ్లలో పెట్టడం, అన్నీ ఇదే కోవలోవి. కాళ్లు కడుక్కునే నీళ్లను మోచేత్తో చూసుకోండి, లేదా ఇంట్లో ఇంకొకరిని ముట్టుకుని చూడమనండి.

ఒకే పాదంలో మంటా, మొద్దుబారడమూ రెండూ ఎలా ఉంటాయని మీకు అనిపించవచ్చు. కాలివేలి నుంచి స్పర్శను మోసుకెళ్లే నరం పోగు వెన్ను దగ్గరున్న కణం నుంచి వేలి చివరి దాకా ఒక్కటే. దాదాపు మీటరు పొడవు. దానికి కావలసిన సరుకంతా ఆ కణం దగ్గరే తయారై ఇంత దూరం ప్రయాణించాలి. షుగర్ వల్ల ఆ సరఫరా కుంటుపడితే ముందు ఎండేది కొస. అందుకే ఈ జబ్బు వేళ్ల దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. చచ్చిపోయిన పోగులు మొద్దుబారుడు తెస్తాయి. సగం దెబ్బతిన్నవి ఏమీ తగలకపోయినా వాటంతట అవే సంకేతాలు పంపుతుంటాయి, మెదడు దాన్ని మంటగానో, సూదులు గుచ్చినట్టుగానో చదువుకుంటుంది. రాత్రి మిగతా ధ్యాసలేవీ ఉండవు కాబట్టి అదొక్కటే వినిపిస్తుంది.

పరీక్ష గదిలో మేం చేసే పని చూడ్డానికి చాలా చిన్నది. సెకనుకు 128 సార్లు కంపించే ట్యూనింగ్ ఫోర్కును మోగించి కాలి బొటనవేలి ఎముక మీద ఆనిస్తాం. జుమ్మనడం ఆగిపోగానే చెప్పమంటాం. మీలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లు చాలామంది మూడు నాలుగు సెకన్లకే ‘ఆగిపోయిందండీ’ అంటారు. నా వేళ్ల మధ్య అది ఇంకా జుమ్మంటూనే ఉంటుంది. అదే ఫోర్కును తీసి వాళ్ల చేతి వేలి మీద పెడితే, ఆగిందనుకున్నది ఇంకా మోగుతోందని తెలిసి నా మొహం వైపు చూస్తారు. దీంతో పాటు పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా తాకిస్తాం. అది తెలియని పాదానికి పుండు పడే ముప్పు ఎక్కువ. ఈ రెండు పరీక్షలూ మీకు చేశారో లేదో రాయలేదు. చేయకపోతే అడిగి చేయించుకోండి. మరో చిన్న సంగతి గమనించండి: మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు తూలినట్టు ఉంటోందా? ఉంటే, పాదం ఎక్కడ ఆనిందో చెప్పే నరాలు కూడా దెబ్బతిన్నట్టే.

షుగర్ ఉంది కాబట్టి నరాల జబ్బు షుగర్‌దే అని సరిపెట్టుకోవడం మా డాక్టర్లు కూడా చేసే పొరపాటే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గుతుంది, డోసు, కాలం పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. దాని లక్షణాలు అచ్చం షుగర్ న్యూరోపతీ లాగే ఉంటాయి. తేడా ఏమిటంటే బి12 లోపాన్ని తొందరగా పట్టుకుంటే చాలావరకు సరిచేయవచ్చు. అలాగని మెట్‌ఫార్మిన్ మానేయకండి, బి12 తీసుకుంటే సరిపోతుంది. థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూడాలి. మద్యం, కొన్ని క్యాన్సర్ మందులు, టీబీకి వాడే ఐసోనియాజిడ్, కుష్ఠు కూడా నరాలను దెబ్బతీసేవే. ఒకవేళ నరాల్లో సంకేతాలు ఎలా పోతున్నాయో కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్ష చేయించి ‘అంతా నార్మల్’ అని వస్తే మంట మీ ఊహ అనుకోవద్దు. ఆ యంత్రం లావు నరాలనే కొలుస్తుంది, మంటను మోసే సన్నని పోగులు దానికి చిక్కవు.

ఇక ఆ రెండు రకాల బిళ్లలు. మన వాళ్లకు చేతులు వణికినా, నీరసమొచ్చినా, కాళ్లు మండినా అన్నీ ‘నరాల వీక్‌నెస్’ కిందికే వస్తాయి, అన్నిటికీ ఒకటే బలం బిళ్ల. మీ బిళ్లల అట్టల మీద పిరిడాక్సిన్ అనే పేరు, దాని పక్కన ఎన్ని ఎంజీలో చూడండి. అది బి6. తక్కువైతే నరాలు దెబ్బతింటాయి, మోతాదు మించి నెలల తరబడి వేసుకున్నా దెబ్బతింటాయి. రెండు బిళ్లల్లోనూ అది ఉంటే, తగ్గాలని వేసుకుంటున్నదే తిమ్మిరి పెంచుతుండవచ్చు. రక్తపరీక్షలో ఏది తక్కువని తేలితే అదొక్కటే వాడటం మేలు.

నొప్పి మందుల దగ్గరికి వద్దాం. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాపుతో వచ్చే నొప్పికి పనికొస్తాయి గానీ నరం తానే పుట్టించే నొప్పిని పెద్దగా పట్టించుకోవు. పైగా షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు అవి మంచివి కావు. దీనికి వాడేవి ముఖ్యంగా మూడు రకాలు: ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ ఒక జట్టు, డ్యులాక్సెటిన్ ఒకటి, అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్ మరో జట్టు. ఇందులో ఏది గొప్పది అంటే, 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్, ప్రీగాబాలిన్ దేనితో మొదలుపెట్టినా ఉపశమనం దాదాపు సమానంగానే వచ్చింది. ఒకటి చాలనప్పుడు రెండోది కలిపితే ఇంకొంత తగ్గింది. కాబట్టి మనిషిని బట్టి, ఆ మనిషి తట్టుకోగలిగే దుష్ఫలితాలను బట్టి ఎంచుకుంటాం.

ప్రీగాబాలిన్ మీకు పడని మందని ఇప్పుడే ముద్ర వేయకండి. మీరు ఆ మందుకు నాలుగు రోజులే ఇచ్చారు. సరైన డోసుకు చేరాక నాలుగు నుంచి ఆరు వారాలు చూస్తే గానీ పనిచేసిందో లేదో చెప్పలేం. మత్తు చాలామందిలో ఒకటి రెండు వారాల్లో తేలికపడుతుంది. నేనైతే పొద్దుటి మాత్ర తీసేసి, రాత్రికి మాత్రమే, అదీ ఇంకా తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాను. మీకు కాలి పట్టు తప్పుతోంది కాబట్టి తూలును తేలిగ్గా తీసుకోకూడదు. రాత్రి బాత్‌రూముకు లేచేటప్పుడు లైటు వేసుకోండి, మంచం అంచున కాసేపు కూర్చుని అప్పుడు లేవండి. ఈ మందుతో పాదాల వాపు, బరువు పెరగడం కూడా ఉంటాయి. కిడ్నీ పనితీరు తగ్గితే డోసు తగ్గించాల్సిందే. మద్యంతోనూ, నిద్రమాత్రలతోనూ కలిపి వాడకూడదు.

దానితో కుదరకపోతే డ్యులాక్సెటిన్ ఉంది. మొదటి వారం వికారం పెడుతుంది, తిన్నాక వేసుకుంటే తట్టుకోవచ్చు. అమిట్రిప్టిలిన్ రాత్రి పూట 10 ఎంజీతో మొదలుపెడతాం. నిద్ర పట్టిస్తుంది, మీలాంటి వాళ్లకు అదే వరం. నోరు ఎండటం, మలబద్ధకం ఉంటాయి. గుండె లయ సమస్యలు, గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇవ్వం. ఈ రెండు మందుల పేర్లను ఫోన్‌లో వెతికి ‘ఇవి డిప్రెషన్ మాత్రలట, నాకు మనసు బాగోలేదనుకున్నారా’ అని కోపంగా వచ్చేవాళ్లు నాకు బాగా పరిచయం. డిప్రెషన్‌కు వాడేవే, నిజమే. నొప్పిని వెన్నుపాములోనే అణిచే పని వాటికి వేరే ఉంది, దానికోసమే రాస్తాం.

పైపూతగా కాప్సైసిన్ క్రీము దొరుకుతుంది. మిరపలో కారం పుట్టించే పదార్థమే అది. కారం రాసినట్టుందని వచ్చినవాళ్లకు కారమే రాయమంటానా అని నవ్వుకోకండి, కొన్నాళ్లు రాస్తే మంటను మోసే నరాల కొసలు అలిసి ఊరుకుంటాయి. మొదట్లో మంట పెరుగుతుంది. చర్మం పగిలినచోట రాయకూడదు, రాశాక చెయ్యి కడుక్కోకుండా కళ్లు తుడుచుకోకూడదు. మొద్దుబారిన పాదం మీద డాక్టర్ చూశాకే వాడాలి.

ఎంత తగ్గితే తగ్గినట్టు? సున్నా నుంచి పది వరకు రోజూ రాత్రి మీ మంటకు మార్కులు వేసి రాసుకోండి. ఎనిమిది నాలుగయితే మందు బాగా పనిచేసినట్టే. సున్నా కావాలని పట్టుబడితే డోసు పెరిగి పగలంతా మత్తులో ఉంటారు. రాత్రికి ఎన్ని గంటలు పడుకున్నారో కూడా రాయండి, నేను మార్కుల కన్నా ఆ అంకెనే ఎక్కువ నమ్ముతాను. దుప్పటి తగలకుండా మంచం కాళ్లవైపు ఒక అట్టపెట్టె పెట్టి దాని మీదుగా కప్పుకోండి. ఇందుకు మందు అక్కర్లేదు, ఈ రాత్రే చేయవచ్చు.

ఈ మందులేవీ నరాన్ని బాగుచేయవు. నొప్పి గొంతు తగ్గిస్తాయి, అంతే. నరాన్ని కాపాడేది షుగర్ అదుపు, నడక, మద్యం, పొగ మానడం. టైప్ 2లో షుగర్ అదుపుతో జబ్బు నెమ్మదిస్తుంది, పోయిన పోగులన్నీ తిరిగి వస్తాయని మాత్రం నేను మాట ఇవ్వలేను. షుగర్‌ను ఒక్కసారిగా దించేయడమూ మంచిది కాదు. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే అంకె) రెండు మూడు పాయింట్లకు మించి పడిపోతే కొందరికి మంటలు భగ్గుమంటాయి. ‘ఇన్సులిన్ పడలేదు’ అని మానేసేవాళ్లలో కొంతమంది కథ ఇదే. మానకుండా ఉంటే ఆ మంట నెలల్లో సర్దుకుంటుంది.

జీవితాంతం మాత్రలేనా అన్నారు. అవసరం లేదు. కొన్ని నెలలు నెమ్మదిగా ఉంటే మేమే డోసు తగ్గించి చూస్తాం. మీ అంతట మీరు ఒక్కరోజులో ఆపేయకండి, నిద్ర చెడి, వికారంతో ఇబ్బంది పడతారు. ఏ మందూ లేకుండా మంట దానంతట అదే పోయిందనుకోండి, సంతోషించే ముందు పాదాన్ని పరీక్ష చేయించుకోండి. మండే పోగులు కూడా చచ్చిపోతే మంట అలాగే పోతుంది. మండే పాదాన్ని మనిషి పట్టించుకుంటాడు. మొద్దు పాదాన్ని మరిచిపోతాడు. ఒకాయన బూటు విప్పితే అరికాల్లో గుండుపిన్ను దిగి ఉంది. పొద్దుటి నుంచీ దాని మీదే నడిచాడు, మేజోడు తడిసిందేమిటని చూసుకునేదాకా తెలియలేదు.

అందుకే రోజూ పడుకునే ముందు నేల మీద అద్దం పెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో నడవొద్దు. చెప్పు జారుతోంది కాబట్టి వెనక పట్టీ ఉన్నది వాడండి, తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. ఆనెలను బ్లేడుతో కోసుకోవద్దు.

చిన్న పుండు పడినా, నొప్పి లేకుండా ఒక పాదం వాచి ఎర్రగా, వేడిగా మారినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి. బలహీనత రోజుల్లోనే కాళ్ల నుంచి పైకి పాకినా, ఒకవైపు కాలూ చెయ్యీ హఠాత్తుగా పడిపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఈ వారంలోనే మీ డాక్టర్ గారి దగ్గరికి మళ్లీ వెళ్లండి. మందు మానేసిన సంగతి దాచకండి, ఎందుకు మానేశారో చెప్పండి. ఆ రెండు విటమిన్ బిళ్లల అట్టలు కూడా వెంట తీసుకెళ్లండి.