పాఠకుల ప్రశ్నలు: ఇంటి చదువుకు సైన్సు పాఠ్యక్రమం ఎంచుకోవడం ఎలా?

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు నిండాయి. మొదటి నుంచీ ఇంట్లోనే చదివిస్తున్నాము. ఇంతవరకు సైన్సుకు బొమ్మల పుస్తకాలు, తోటపని, చిన్న చిన్న ప్రయోగాలు సరిపోయాయి. ఇప్పుడు ఆరో తరగతి స్థాయికి వచ్చింది కనుక ఒక క్రమమైన పాఠ్యక్రమం తీసుకోవాలనుకుంటున్నాము. మూడు రకాలు చూశాము. ఒకటి లావుపాటి పాఠ్యపుస్తకం, రెండోది వారానికొక ప్రయోగం చొప్పున సామగ్రితో సహా వచ్చే కిట్, మూడోది వీడియో పాఠాలు. అమ్మాయి మనసు కిట్ మీద ఉంది. మావారికి పాఠ్యపుస్తకం మీద నమ్మకం. నేను చదివినది కామర్సు. సైన్సుతో నా సంబంధం బడితోనే తెగిపోయింది. వీటిలో ఏది మేలో ఎలా తేల్చుకోవాలి? భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలను ఏడాదికొకటిగా చెప్పించాలా, కలిపి చెప్పించాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మూడింటి విషయసూచికలను పక్కపక్కన పెట్టి పోల్చడం ముందుగా మానుకోండి. ఈ స్థాయి పుస్తకాలన్నింటిలోనూ కణం, పదార్థం, బలం, విద్యుత్తు, వాతావరణం, సౌరకుటుంబం ఏదో ఒక వరుసలో ఉండనే ఉంటాయి. పిల్లలే కాక పెద్దలు కూడా పొరబడే చోట్ల ఆ పాఠం ఏమి చెబుతోంది, ఏమి చేయిస్తోంది అని చూస్తేనే తేడా బయటపడుతుంది. అలాంటి చోట్లు రెండు మూడు ముందే గుర్తుపెట్టుకుని, నమూనా పాఠాలు తెప్పించుకుని, నేరుగా ఆ పేజీలకే వెళ్ళండి. నమూనా చూపించని పాఠ్యక్రమాన్ని కొనవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

మొదట కొవ్వొత్తి ప్రయోగం చూడండి. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తిని నిలిపి, దానిపై గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి మంట ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. చాలా పుస్తకాలు దీని కింద, గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ అనీ, మంట దానిని వాడేసుకోగా ఖాళీ అయిన చోటును నీళ్ళు నింపాయనీ రాస్తాయి. వినడానికి ఎంతో పొందికగా ఉన్న ఈ వివరణ తప్పు. మండటంలో ఆక్సిజన్ ఖర్చయితే, దాని బదులు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి. పైగా గ్లాసులోని ఆక్సిజన్ అంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది. నీళ్ళు ఎక్కడానికి ముఖ్యకారణం వేడి. గ్లాసు బోర్లించేసరికే మంట చుట్టూ ఉన్న గాలి వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది, అందులో కొంత బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరిన తరువాత మిగిలిన గాలి చల్లబడి, ఆవిరిలో కొంత నీరుగా మారి, లోపలి పీడనం తగ్గగానే బయటి గాలి పీడనం నీటిని లోపలికి నెడుతుంది. ఈ సంగతి మీ అమ్మాయి స్వయంగా తేల్చుకోగలదు. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్ళు మెల్లమెల్లగా ఎక్కుతున్నాయా, లేక ఆరిపోయాక గబగబా ఎక్కుతున్నాయా అన్నది గమనించాలి. ఆ తరువాత అదే గ్లాసు కింద ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టి చూడాలి. ఈసారి నీళ్ళు మరింత పైకి ఎక్కుతాయి, లోపలి ఆక్సిజన్ మాత్రం పెరగలేదు. ఈ రెండో ప్రయోగం చేయించే పాఠ్యక్రమం దొరికితే సగం వెతుకులాట ముగిసినట్టే. అయిదో వంతు మాట చెప్పి ఊరుకున్న పుస్తకంలో మిగతా వివరణలను కూడా అనుమానించవలసిందే.

రెండో చోటు, చెట్టు బరువు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న. కిరణజన్య సంయోగక్రియ సమీకరణాన్ని తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలు కూడా ఈ ప్రశ్నకు "మట్టి నుంచి" అనే చెబుతారు. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త 200 పౌండ్ల, అంటే సుమారు 90 కిలోల, ఎండుమట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, 5 ఏళ్లు నీళ్ళు మాత్రమే పోశాడు. చివరికి చెట్టు 169 పౌండ్లకు పైగా తూగింది. మట్టి తగ్గినది సుమారు 2 ఔన్సులు, అంటే 60 గ్రాములైనా లేదు. చెట్టంతా నీటి నుంచే వచ్చిందని ఆయన నిర్ణయించాడు. కొలత సరైనదే, నిర్ణయం మాత్రం సరికాదు. ఎండిన చెక్క బరువులో అధికభాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చినదే. ఈ అంకెలను పిల్లల ముందు పెట్టి, "దీని నుంచి మీరేమి నిర్ణయిస్తారు, ఆయన లెక్కలోకి తీసుకోనిది ఏమిటి" అని అడిగే పాఠం ఒక రకం. సమీకరణాన్ని పెట్టెలో అచ్చువేసి, కింద ఖాళీలు పూరించమనే పాఠం మరొక రకం.

రుతువుల పాఠంలో బొమ్మ చూస్తే చాలు. భూకక్ష్య దాదాపు వృత్తమే అయినా చాలా పుస్తకాలు దానిని ఏటవాలుగా చూసినట్టు బాగా సాగదీసి గీస్తాయి, దానితో సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం అని పిల్లలు అనుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో, ఉండేది ఉత్తరార్ధగోళంలో చలికాలమైన జనవరి మొదట్లో. అతి దూరంగా, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లలో, ఉండేది జూలై మొదట్లో. అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం రుతువులకు కారణమని ప్రతి పుస్తకమూ చెబుతుంది. దూరం కారణం ఎందుకు కాదో కూడా చెప్పే పుస్తకాలు తక్కువ.

వివరణ తరువాత చూడవలసినది పిల్లల చేత చేయించే పని. లోలకాన్నే తీసుకోండి. దారం పొడవు పెరిగితే ఊగే కాలం పెరుగుతుందని ముందే చెప్పేసి చేసి చూడమంటే అది ప్రదర్శన అవుతుంది కానీ ప్రయోగం కాదు. కట్టిన బరువు, దారం పొడవు, లాగి వదిలిన దూరం అనే మూడింటిలో కాలాన్ని మార్చేది ఏదో ముందుగా ఊహించి రాయమనాలి. ఒకసారికి ఒక్కదానినే మార్చమనాలి. వాచీ నొక్కడంలో జరిగే ఆలస్యం ఫలితాన్ని పాడుచేయకుండా ఒక ఊపును కాక 20 ఊపులను కలిపి కొలవమనాలి. అటు వెళ్ళి మళ్ళీ మొదటి చోటికి వచ్చేదాకా ఒక ఊపు అనుకుంటే, 25 సెంటీమీటర్ల లోలకానికి 20 ఊపులకు సుమారు 20 సెకన్లు, 100 సెంటీమీటర్ల దానికి సుమారు 40 సెకన్లు పడుతుంది. పొడవు నాలుగు రెట్లయితే కాలం రెండు రెట్లే ఎందుకయిందని మీ అమ్మాయి అడిగితే మీకు వెంటనే జవాబు తెలియనవసరం లేదు. మధ్యలో మరికొన్ని పొడవులకు కొలిచి గ్రాఫు గీయమని టీచర్స్ గైడ్ మీకు చెప్పగలగాలి.

సైన్సు చదవని తల్లిగా మీరు అన్నింటికంటే శ్రద్ధగా చదవవలసినది ఆ గైడునే. జవాబులు మాత్రమే ఉన్న గైడు మీకు ఎందుకూ పనికిరాదు. పిల్లలు సాధారణంగా చెప్పే తప్పు జవాబులేమిటి, అప్పుడు తిరిగి ఏమని అడగాలి, ప్రయోగం కుదరకపోతే ఎక్కడ పొరబాటు జరిగి ఉంటుంది అన్నవి అందులో ఉండాలి. ప్రతి ప్రయోగానికీ జాగ్రత్తలు విడిగా రాసి ఉండాలి. ఇంట్లో దొరికే ద్రవాలను ఇష్టం వచ్చినట్టు కలిపి చూడమనే పుస్తకాన్ని ఇంట్లోకి రానివ్వకండి. బ్లీచింగ్ ద్రావణంలో వెనిగర్ కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

ఇక మీ ఇంట్లో నడుస్తున్న చర్చ. పాఠ్యపుస్తకం వైపే నేను మొగ్గుతాను, అయితే పై పరీక్షకు నిలిచిన పుస్తకమైతేనే. వారానికొక ప్రయోగం అనే లెక్క కిట్ అమ్మేవారికి బాగుంటుంది. పిల్లలకు ఒక ప్రయోగాన్ని మార్చి మార్చి మూడు వారాలు చేసే తీరిక కావాలి. వంటసోడా, వెనిగర్ కలిపి నురుగు పొంగించే "అగ్నిపర్వతం" దాదాపు ప్రతి కిట్‌లోనూ ఉంటుంది. అది ఆమ్లానికీ క్షారానికీ మధ్య జరిగే చర్యను చూపిస్తుంది కానీ, శిలాద్రవంలో కరిగి ఉన్న వాయువుల బలంతో బద్దలయ్యే అసలు అగ్నిపర్వతం గురించి ఏమీ చెప్పదు. అయినా అమ్మాయి ఉత్సాహాన్ని తీసిపారేయకండి. పుస్తకంలోని ఏ అధ్యాయానికి ఏ ప్రయోగం కావాలో ఆమెనే ఎంచుకోనివ్వండి, ఏడాదికి పది పన్నెండు చాలు. వీడియోలను కంటికి కనిపించని సంగతులకు ఉంచుకోండి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం (బౌల్డర్)లో 2002లో మొదలైన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద పిల్లలే మార్చి మార్చి చూసే నమూనా ప్రయోగాలు, ఉచితంగా దొరుకుతాయి. అణువుల కదలిక, విద్యుత్ వలయాల వంటి వాటికి చూస్తూ ఊరుకునే వీడియోల కంటే అవి ఎంతో నయం. కొలతలో వచ్చే చిక్కులు మాత్రం తెర మీద ఎదురుకావు కనుక చేతి ప్రయోగానికి అవి బదులు కావు.

శాస్త్రాలను ఏడాదికొకటిగా విడదీయడమా, కలపడమా అన్నది మీరు అనుకున్నంత పెద్ద ప్రశ్న కాదు. అమెరికాలో 2013లో వెలువడిన నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్ (బడి సైన్సులో పిల్లలు ఏమి నేర్చుకోవాలో చెప్పే ప్రమాణాలు) 6, 7, 8 తరగతులను ఒకే దశగా తీసుకుని, ఏ అంశం ఏ ఏడాది చెప్పాలన్నది అక్కడివారికే వదిలేశాయి. చూసుకోవలసినది ఒక పాఠం మరొక పాఠం మీద ఎలా ఆధారపడిందన్నది. అణువులు, రసాయన మార్పు తెలియకముందు కిరణజన్య సంయోగక్రియ చెబితే సమీకరణం కంఠస్థం కావడం తప్ప జరిగేదేమీ ఉండదు. సాంద్రత, వేగం మొదలుపెట్టే ముందు గణితంలో నిష్పత్తులు బాగా వచ్చి ఉండాలి. మీరున్న చోట ఇంటి చదువుకు నియమాలుంటే, ముందు ముందు అమ్మాయి ఏదైనా బోర్డు పరీక్ష రాయవలసి ఉంటే, ఆ సిలబస్‌ను దగ్గర పెట్టుకుని మూడేళ్లలో ఏదీ జారిపోకుండా చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. ఇంట్లోనే చదువుతున్నాడు. ఏడో తరగతి సైన్సు పుస్తకం సగం ఏడాదిలోనే పూర్తిచేసి, విసుగ్గా ఉందంటున్నాడు. నేరుగా హైస్కూల్ రసాయనశాస్త్రం మొదలుపెట్టవచ్చా?
– ఒక తండ్రి

జవాబు: చదివి పూర్తిచేశాడా, చేసి పూర్తిచేశాడా అన్నది మీరు రాయలేదు. గ్లాసులో మంచుముక్క తేలుతూ కరిగితే నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా అని అడగండి. అలాగే ఉంటుందని చెబితే సరిపోదు. ఎందుకో సాంద్రత, స్థానభ్రంశం అనే మాటలతో వివరించి, అదే మంచును గాఢమైన ఉప్పునీటిలో వేస్తే ఏమవుతుందో ముందుగా చెప్పి, చేసి చూపించమనండి. ఇది తేలికగా చేసి, నిష్పత్తులు, సరళ సమీకరణాలు, ఘాతాంకాలు కూడా వచ్చి ఉంటే మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే మోల్ భావన (అణువులను పెద్ద గుంపులుగా లెక్కించే పద్ధతి) దగ్గరికి వచ్చేసరికి చాలామందిని ఆపేది రసాయనశాస్త్రం కాదు, గణితం. తడబడితే పుస్తకం మార్చకండి. అదే పుస్తకంలో అతనికి నచ్చిన ఒక అధ్యాయం తీసుకుని, ప్రశ్నను తనే తయారుచేసుకుని, కొలతలు తీసి, పట్టిక, గ్రాఫు, దాని కింద తన నిర్ణయం, ఆ నిర్ణయానికి ఆధారం రాసే పని నెల రోజులు అప్పగించండి. విసుగు పాఠం తేలికగా ఉన్నందువల్ల వచ్చిందా, చేతికి పని లేనందువల్ల వచ్చిందా అన్నది ఆ నెలలో తెలిసిపోతుంది.